ఫాల్స్ సీలింగ్‌కి పింక్ బోర్డు వేస్తే పైనున్న ఇనప దూలాలకి ఇంకేం అక్కర్లేదంటున్నారు, నిజమేనా?

లంక_సైట్_కుర్రోడు (రావులపాలెం వైపు)

అందరికీ నమస్కారం అండి. మా పెదనాన్న గారు రావులపాలెం–అమలాపురం మధ్యలో ఫంక్షన్ హాల్ కడుతున్నారు, సైట్ చూసుకోవడం నా పని. మాది నల్లరేగడి, నాలుగడుగులు తవ్వితే నీళ్ళు, అందుకని బరువు తగ్గాలని పైల్స్ మీద స్టీల్ ఫ్రేమ్ వేయించారు. ఐ సెక్షన్ (I అక్షరం ఆకారపు) స్తంభాలు, దూలాలు, వాటి మీద డెక్ షీట్ (గాళ్ళున్న ఇనప రేకు) వేసి కాంక్రీటు. కింద వంటశాల, భోజనాల హాలు, పైన ఏసీ కళ్యాణ మండపం, పక్కన పెళ్ళికూతురు పెళ్ళికొడుకు గదులు. లోపలి గోడలన్నీ డ్రైవాల్ పార్టిషన్లే, అంటే రేకు కమ్మీలకి జిప్సం బోర్డు బిగించేవి, రెండంతస్తులకీ సీలింగ్ పింక్ రంగు జిప్సం బోర్డుతో.

ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి) కోసం వచ్చిన కన్సల్టెంట్ స్తంభాలకీ దూలాలకీ రెండు గంటల రేటింగ్, అంటే మంటకి అంతసేపు ఆగుతాయని, చూపించమన్నాడు. ఇంటీరియర్ కాంట్రాక్టరేమో "పింక్ బోర్డు అంటేనే ఫైర్‌ప్రూఫ్ సార్, రెండు గంటలు ఆగుద్ది, సీలింగ్ అదే వేస్తున్నాం కాబట్టి పైన దూలాలకి మంట తగలదు, దూలాలకి ఫైర్ పెయింట్ వేయిస్తే ఆ డబ్బులు దండగ" అంటున్నాడు. పెదనాన్నకి ఆ మాట బాగా నచ్చింది, లక్షల్లో మిగులుద్ది కదా. నేను సివిల్ డిప్లొమా చేశాను గానీ ఇది మాకు ఎక్కడా చెప్పలేదు. శ్రావణంలో మొదటి పెళ్ళి బుక్ అయిపోయింది, టెన్షన్‌గా ఉంది.

అడిగేది ఇదీ: పింక్ బోర్డుకి నిజంగా రెండు గంటలు ఉంటుందా? సీలింగ్ ఉంటే దూలాలు వదిలేయొచ్చా? వంటశాలకీ భోజనాల హాలుకీ మధ్య కూడా డ్రైవాల్ వేసుకోవచ్చా?

బోర్డు_బాబాయ్ (రాజమండ్రి)

తమ్ముడూ, నేను చేసే పనే ఇది కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను, ఏమీ అనుకోకు.

బోర్డుకి గంటలు ఉండవు. గోడకి ఉంటాయి. అంటే ఛానల్ (కిందా పైనా బిగించే రేకు పట్టీ), స్టడ్ (నిలువు రేకు కమ్మీ), ఎన్ని పొరల బోర్డు, ఎంత మందం, లోపల ఏ ఊలు, స్క్రూలు ఎంత దూరంలో, జాయింట్లకి టేపు, పైన స్లాబు దగ్గర ఎలా మూశారు... ఇదంతా కలిపి ఫర్నేస్‌లో పెట్టి కాల్చి చూసి, "ఈ గోడ ఇన్ని నిమిషాలు ఆగింది" అని రిపోర్టు ఇస్తారు. మన దేశంలో రూర్కీలో సీబీఆర్‌ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్ళకి ఆ ఫర్నేస్ ఉంది. మన ఐఎస్ 3809 ప్రమాణం ప్రకారమో, బ్రిటిష్ వాళ్ళ బీఎస్ 476 ప్రకారమో చేస్తారు. అందులోంచి బోర్డు ఒక్కటి బయటికి లాగి "ఇది రెండు గంటలు" అంటే అది అమ్ముకునేవాడి మాట.

అసలు జిప్సం ఎందుకు ఆగుతుందో తెలిస్తే మిగతాది దానంతట అదే అర్థమవుతుంది. జిప్సం బరువులో అయిదో వంతు, ఇంకా సరిగ్గా చెప్పాలంటే 21 శాతం దాకా, నీరే. తడి కాదు, రాయిలో కలిసిపోయిన నీరు. 12.5 మి.మీ. బోర్డు చదరపు మీటరుకి 9 కిలోలు అటూ ఇటూ తూగుతుంది, అంటే అందులో కిలోన్నర పైనే నీళ్ళు ఉన్నట్టు. మంట తగిలితే 100 డిగ్రీలు దాటాక ఆ నీరు ఆవిరై పోవడం మొదలవుతుంది, పోతున్నంతసేపూ వేడిని తినేస్తుంది, అవతలి వైపు 100 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. గిన్నెలో నీళ్ళున్నంతసేపూ గిన్నె మాడదు కదా, అంతే. నీళ్ళు అయిపోయాక బోర్డు కుంచించుకుపోయి, పగుళ్ళు వచ్చి, పొడై రాలిపోతుంది. మామూలు బోర్డుకీ పింక్ బోర్డుకీ తేడా ఇక్కడే తేలుతుంది. పింక్ దాంట్లో గాజు నార కలుపుతారు, నీరు పోయాక కూడా ఆ నార పిండిని పట్టుకుని ఉంటుంది కాబట్టి ఇంకొంతసేపు ఊడి పడదు. అంతకు మించి మాయ ఏం లేదు. రంగు కూడా కంపెనీని బట్టి మారుతుంది, వెనక వేసిన ముద్ర చదువు, ఐఎస్ 2095 నంబరూ బోర్డు రకమూ ఉన్నాయో లేదో చూడు.

లెక్కకి చెప్తున్నాను, మామూలు 12.5 బోర్డు అటొకటి ఇటొకటి వేస్తే సాధారణంగా అరగంట గోడ. అమెరికాలో టైప్ ఎక్స్ అని 15.9 మి.మీ. బోర్డు ఉంటుంది, అది అటూ ఇటూ ఒక్కో పొర వేసిన గోడకి గంట. రెండు గంటలు కావాలంటే దాదాపు ఎక్కడైనా రెండు వైపులా రెండేసి పొరలకి వెళ్ళాల్సిందే. మీ కాంట్రాక్టరు ఎన్ని పొరలకి రేటు ఇచ్చాడో ముందు అది చూడు. ఒక పొరకి రేటు వేసి రెండు గంటల మాట చెప్తుంటే ఇంక మాట్లాడక్కర్లేదు.

ఇక సైట్‌లో జరిగేవి. గోడ సీలింగ్ దాకా కట్టి ఆపేస్తారు, ఎందుకంటే పైన ఎవరికీ కనపడదు, బోర్డు మిగులుతుంది. పొగ సీలింగ్ పైనుంచి పక్క గదిలోకి తాపీగా దిగుతుంది. ఫైర్ గోడ అంటే స్లాబు నుంచి స్లాబుకి ఉండాలి. మీది డెక్ షీట్ కాబట్టి ఇంకో తలనొప్పి: షీటుకి గాళ్ళు ఉంటాయి కదా, గోడ పై ఛానల్ ఆ గాళ్ళకి అడ్డంగా వస్తే ప్రతి గాడీ ఒక కన్నమే. రాక్‌వూల్ (రాతి నార) కుక్కి, పైన ఫైర్ సీలెంట్ కొట్టాలి. పై ఛానల్ దగ్గర బోర్డుని గట్టిగా బిగించకూడదు కూడా, పైన జనం నిండితే స్లాబు కిందికి వంగుతుంది, ఆ జాగా వదిలి మూయాలి.

లోపలికి గ్లాస్‌వూల్ కాదు, రాక్‌వూల్ వెయ్యండి. గ్లాస్‌వూల్ చప్పుడు ఆపుతుంది గానీ మంటలో కరిగి జారిపోతుంది. రిపోర్టులో ఏ సాంద్రత రాశారో అదే తెప్పించు. స్క్రూలు 200 నుంచి 300 మి.మీ. లోపు రిపోర్టులో ఎంతుంటే అంత. మనోళ్ళు అడుగున్నరకి ఒకటి కొట్టి పుట్టీ పూసేస్తారు, పెయింట్ అయ్యాక దేవుడికే తెలియాలి. అందుకే రెండో పొర వేసేముందు, పుట్టీ పెట్టేముందు ఫోన్‌తో ఫోటోలు తీసుకో, ప్రతి గోడవీ.

స్విచ్ బాక్సులు అటూ ఇటూ ఎదురెదురుగా పెట్టనివ్వకు. రెండు స్టడ్ల మధ్య ఒకే ఖాళీలో రెండు వైపులా కన్నాలు పడితే అక్కడ గోడ లేనట్టే లెక్క. దూరం జరిపి, బాక్స్ వెనక ఫైర్ పుట్టీ ప్యాడ్ వేయించు.

వంటశాల గోడకి మాత్రం నన్నడిగితే డ్రైవాల్ వద్దే వద్దు. నా బిజినెస్ పోయినా సరే చెప్తున్నాను. రోజూ పైపు పెట్టి నేల కడుగుతారు, గోడ అడుగు నానుతుంది, నానిన జిప్సం ఎండినా మునుపటి గట్టిదనం రాదు. ఏఏసీ బ్లాకు (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు దిమ్మ) 200 మి.మీ. గోడ కట్టించు, ఇటుక గోడలో మూడో వంతు బరువే, రెండు గంటల విషయం మర్చిపోవచ్చు.

గోస్తనీ_గట్టు (తణుకు)

బాబాయ్ చెప్పింది బాగుంది గానీ మా వైపు ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళన్నీ పీవీసీ షీటు సీలింగే, నిగనిగలాడుతూ. దాని పైన థర్మోకోల్ డిజైన్లు, కింద సిల్కు గుడ్డలు, సీరియల్ సెట్లు. పెళ్ళంతా దీపాలూ హోమాలూ. ఆయ్, పింక్ బోర్డు దాకా వెళ్ళినవాళ్ళకి దండం పెట్టాలి అసలు. మా అమ్మమ్మ వాళ్ళ పేటలో ఎండాకాలం తాటాకు కప్పు ఒకటి అంటుకుంటే వరసంతా పోయేది, అప్పుడు పేదరికం అనుకున్నాం, ఇప్పుడు డబ్బులిచ్చి మరీ అంతకన్నా బాగా కాలేది పెట్టించుకుంటున్నాం.

కాకినాడ_స్ట్రక్చర్స్

గోస్తనీ గారి మాటకి ఒక్క వాక్యం: పీవీసీ తొందరగా అంటుకోదని అమ్ముతారు, కానీ వేడికి మెత్తబడి ఊడి పడుతుంది, కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతుంది, ఆ పొగకి కళ్ళూ గొంతూ మండి జనానికి గుమ్మం కనపడదు. పొగతో పోయేవాళ్ళే ఎక్కువ.

ఇప్పుడు స్టీల్ సంగతి. స్టీల్ కాలదు కాబట్టి మంటకి భయం లేదనుకుంటారు. కాలదు, మెత్తబడుతుంది. యూరోకోడ్ (యూరప్ నిర్మాణ ప్రమాణాలు) అంకెలు చూస్తే 400 డిగ్రీల దాకా ఈల్డ్ బలం (శాశ్వతంగా వంగిపోకుండా మోసే బలం) దాదాపు అంతా ఉంటుంది, 500కి 78 శాతం, 600కి 47, 700కి వచ్చేసరికి 23. హాలు నిండా జనం ఉన్న లోడుకి దూలం తన బలంలో ఎంత వాడుకుంటోందో దాన్నిబట్టి 550 చుట్టుపక్కల ఎక్కడో చేతులెత్తేస్తుంది. మరి ఆ వేడి ఎంతసేపట్లో వస్తుంది? పరీక్షలో వాడే ఐఎస్‌ఓ 834 వక్రరేఖ (ఏ నిమిషానికి ఎంత వేడి ఉండాలో చెప్పేది) ప్రకారం ఫర్నేస్ 5 నిమిషాలకే 570 దాటుతుంది, అరగంటకి 840, గంటకి 945. ఏ కవరూ లేని మామూలు సెక్షను సాధారణంగా 15–20 నిమిషాల్లో అయిపోతుంది. దానికి తోడు వ్యాకోచం: 10 మీటర్ల దూలం 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 సెం.మీ. పొడుగవుతుంది, అది స్తంభాన్ని పక్కకి తోస్తుంది, దూలం కూలకముందే డ్రైవాల్ గోడల పై అంచులు విప్పేస్తుంది.

సీలింగ్ దూలాలని కాపాడుతుందా అంటే, కాపాడే సీలింగ్ అనేది ఉంది. దాన్ని దూలాలతో సహా విడిగా పరీక్షించాలి. అందులో బోర్డు పొరలు, హ్యాంగర్లు, దీపాల కన్నాలు, ఏసీ గ్రిల్లులు, పైకెక్కే తలుపు అన్నీ లెక్కలోకి వస్తాయి, సీలింగుకీ స్లాబుకీ మధ్య మండే సరుకు పెట్టకూడదు. మీ మండపం సీలింగులో ఎన్ని డౌన్‌లైట్లు ఉన్నాయి? ఒక్కొక్కటీ ఆరంగుళాల కన్నం. షాండిలియర్ కోసం ఒక పెద్దది. పైన వైర్లు, డక్టుల మీద రబ్బరు ఫోము, కార్పెంటర్ వదిలేసిన ప్లైవుడ్ ముక్కలు. మంట పైనే పుడితే, షార్ట్ సర్క్యూట్లు ఎక్కువ అక్కడే కదా, మీ పింక్ బోర్డు దూలాలకీ మంటకీ మధ్య ఉండదు, రెండింటికీ కింద ఉంటుంది.

ఇంకోటి, సీలింగ్‌ని దేనితో వేలాడదీశారో చూడండి. స్లాబులో ప్లాస్టిక్ గిట్ట, ఛానళ్ళకి అల్యూమినియం రివెట్లు ఉంటే గిట్ట ముందు పోతుంది, అల్యూమినియం 660 డిగ్రీలకి కరిగిపోతుంది. బోర్డు ఇంకా బాగానే ఉండి మొత్తం కిందికి వస్తుంది. స్టీల్ యాంకర్లు, స్టీల్ స్క్రూలు వాడాలి.

కాబట్టి దూలాలకీ స్తంభాలకీ విడిగా రక్షణ వేయించండి. స్తంభాలకి మీ వైపు అన్నింటికన్నా చవకైనది, మొరటుది, పదేళ్ళైనా పాడవనిది కాంక్రీటు కవరు, మెష్ కట్టి. ఎన్‌బీసీ (నేషనల్ బిల్డింగ్ కోడ్) 2016 నాలుగో భాగంలో ఎంత మందానికి ఎన్ని గంటలో పట్టికలున్నాయి. దూలాలకి కాంక్రీటు కడితే మళ్ళీ బరువు, అందుకని వర్మిక్యులైట్ (తేలికైన ఖనిజం) కలిపిన సిమెంటు స్ప్రే. గరుగ్గా ఉంటుంది గానీ సీలింగ్ పైన ఎవరికి కనపడుతుంది? పైకి కనపడే చోట ఇంట్యుమెసెంట్ పెయింట్, అంటే వేడికి 200 డిగ్రీలు దాటాక పొంగి బొగ్గు నురగలా మారే పెయింటు. గంట రేటింగ్ దాకా అది పొదుపే, రెండు గంటలంటే మందం మిల్లీమీటర్లలోకి పోయి ధర చుక్కలు చూపిస్తుంది.

పెయింట్ కొటేషన్ వస్తే అందులో ప్రతి సెక్షనుకీ విడిగా మైక్రాన్లు (మి.మీ.లో వెయ్యో వంతు) రాసి ఉన్నాయో లేదో చూడండి. "మొత్తం స్టీలుకి 500 మైక్రాన్లు" అని ఒకే అంకె ఉంటే వాడికి లెక్క రాదన్నమాట. మంట తగిలే చుట్టుకొలతని సెక్షన్ వైశాల్యంతో భాగించాలి, దాన్ని సెక్షన్ ఫ్యాక్టర్ అంటారు. పలచటి సెక్షను తొందరగా వేడెక్కుతుంది కాబట్టి దానికే ఎక్కువ పెయింటు. 4 మి.మీ. మందం బాక్స్ పైపుకి అది 250 దాకా వస్తుంది, 10 మి.మీ. దానికి 100. మనవాళ్ళు తిరగేసి లావు దూలాలకి మందంగా కొట్టి, సన్న పైపులకి ఒక చెయ్యి వేసి వదిలేస్తారు.

లంక_సైట్_కుర్రోడు

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. నిన్న కాంట్రాక్టర్ని టెస్ట్ రిపోర్టు అడిగితే మొదట ముఖం అదోలా పెట్టాడు, రాత్రి వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపాడు. అందులో నిజంగానే 120 నిమిషాలని ఉంది. కానీ బొమ్మ చూస్తే రెండు వైపులా రెండేసి పొరలు 15 మి.మీ. బోర్డు, లోపల రాక్‌వూల్, గోడ ఎత్తు 3 మీటర్లు. మాకు కొటేషన్‌లో ఉన్నది ఒక్కో పొర 12.5, లోపల ఖాళీ, ఎత్తు స్లాబు దాకా 5.2 మీటర్లు! సీలింగుకి రిపోర్టే లేదు. ఇదే గోడ రిపోర్టు సీలింగుకి కూడా పనికొస్తుందంటాడు.

ఎత్తు ఎక్కువైతే రేటింగ్ పోతుందా? పెదనాన్నకి ఎలా చెప్పాలో అర్థం కావట్లేదు. "ఊళ్ళో ఏ హాలుకీ లేనిది మనకెందుకు రా" అంటున్నారు.

బోర్డు_బాబాయ్ (రాజమండ్రి)

గోడ రిపోర్టు సీలింగుకి పనికిరాదు. గోడ నిలబడి ఉంటుంది, సీలింగ్ వేలాడుతుంది, నీరు పోయిన బోర్డు తన బరువుకే కిందికి జారుతుంది. రెండూ వేరు పరీక్షలు.

3 మీటర్లు ఎందుకంటే ఫర్నేస్ నోరు సాధారణంగా అంతే ఉంటుంది. మీ 5.2 మీటర్లకి స్టడ్ పెద్దది కావాలి, దగ్గరగా కావాలి, మంట వైపు స్టడ్ వేడెక్కి గోడంతా విల్లులా వంగుతుంది కాబట్టి ఎత్తు పెరిగిన కొద్దీ ఆ వంపు బాగా పెరుగుతుంది. బోర్డు కంపెనీ టెక్నికల్ వాళ్ళని అడిగి, వాళ్ళ పరీక్షల ఆధారంగా ఈ ఎత్తుకి ఈ స్టడ్ అని కాగితం మీద రాయించుకో. కాంట్రాక్టర్ మాట కాదు, కంపెనీ లెటర్. వాళ్ళు అలాంటి లెటర్ ఇవ్వకపోతే ఆ గోడ కూడా ఏఏసీకి మార్చేయ్, లేదా మధ్యలో స్టీల్ బీమ్ వేసి ఎత్తు విడగొట్టు, కాకపోతే ఆ బీముకి కూడా రక్షణ కావాలి, అక్కడే మళ్ళీ ఖర్చు.

అన్ని గోడలకీ రెండు గంటలు అక్కర్లేదు కూడా. పెళ్ళికూతురు గదికీ పెళ్ళికొడుకు గదికీ మధ్య గోడ మామూలుదే చాలు. మెట్లచుట్టూ, ఎలక్ట్రికల్ గది, జనరేటర్ ప్యానెల్ ఉన్న గది, బయటికి పోయే దారి పక్క గోడలు, ఇవి చూసుకో. కన్సల్టెంట్‌ని ప్లాన్ మీద ఎర్ర పెన్సిల్‌తో గీసిమ్మను. డబ్బులు అక్కడ పెట్టు, పెదనాన్న గారు కూడా ఒప్పుకుంటారు.

గ్యాస్_స్టేషన్_రిటైర్డ్ (రాజోలు)

ఈ చర్చలో వంటశాల గురించి ఒకే లైను వచ్చింది, నా దృష్టిలో అసలు ప్రమాదం అదే. నేను మన కోనసీమలో గ్యాస్ బావుల దగ్గర చాలా ఏళ్ళు పనిచేశాను. 1995లో పాసర్లపూడి బ్లోఅవుట్ ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూశాయి, రెండు నెలలకి పైగా మండింది. గ్యాసు మంట కట్టె మంటలా మెల్లగా ఎక్కదు. పైన కాకినాడ ఆయన చెప్పిన వక్రరేఖ కట్టె, గుడ్డ, కాగితం లాంటి వాటికి. గ్యాసు, ఆయిల్ మంటకి వేరే వక్రరేఖ ఉంది, అయిదు నిమిషాల్లోనే 1100 డిగ్రీలకి దగ్గరవుతుంది. అందుకే మా దగ్గర పైపుల స్టాండ్లకి పలచటి పెయింట్లు వాడరు, మందంగా సిమెంటు లాంటిది కొడతారు. ఫంక్షన్ హాల్ కోసం పరీక్షించిన రెండు గంటల గోడ సిలిండర్ మూతి నుంచి తన్నుకొచ్చే మంట ముందు రెండు గంటలు ఆగుతుందని ఎవరూ అనుకోవద్దు.

కాబట్టి బాబూ, సిలిండర్లు వంటగదిలో వద్దు, భవనం బయట వేరుగా గాలి ఆడేలా షెడ్డు కట్టించి పైపు లోపలికి తెచ్చుకోండి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కిందే పాకుతుంది, షెడ్డు పక్కన డ్రైనేజీ గానీ లిఫ్ట్ గొయ్యి గానీ ఉండకూడదు. ఇంకోటి, పొయ్యిల మీద పొగ లాగే డక్టు ఎటు పోతోంది? చాలాచోట్ల దాన్ని భోజనాల హాలు సీలింగ్ పైనుంచి లాగుతారు. దాంట్లో నూనె జిడ్డు పేరుకుంటుంది, అంటుకుంటే డక్టు మొత్తం మండుతుంది, మీరు చెప్తున్న దూలాల కిందుగానే. వంటశాల వెనక గోడ నుంచి నేరుగా బయటికి పంపితే ఆ గొడవే ఉండదు.

ఏసీ_డక్టింగ్ (భీమవరం)

డక్టు మాట వచ్చింది కాబట్టి. గోడలు మీరు ఎంత బాగా కట్టినా చివర్లో వచ్చి కన్నాలు పెట్టేది మేమే, మా తర్వాత ప్లంబరు, ఆ తర్వాత సీసీటీవీ కుర్రాడు. సీసీటీవీ కుర్రాడికి సుత్తి ఒక్కటే పనిముట్టు. ఫైర్ గోడలోంచి పోయే ఏసీ డక్టుకి ఫైర్ డ్యాంపర్ (మంట వేడికి డక్టుని మూసేసే రేకు తలుపు) ఉండాలి, దాన్ని గోడలో బిగించాలి, గోడ పక్కన కాదు, పైగా సీలింగులో దాని కింద చెయ్యి పట్టే తలుపు వదలాలి. కాపర్ పైపుల మీద నల్ల రబ్బరు ఫోము కాలిపోయి చుట్టూ సందు మిగులుతుంది, పీవీసీ డ్రెయిన్ పైపు కరిగిపోయి పూర్తి కన్నమే మిగులుతుంది. పీవీసీకి కాలర్ అని వస్తుంది, వేడికి లోపలికి పొంగి పైపుని నొక్కి మూసేస్తుంది. మామూలు పసుపు ఫోము స్ప్రే కొట్టి "మూసేశాం సార్" అంటే నమ్మొద్దు, అది మండుతుంది.

ఒక పని చేయండి, ఫైర్ గోడల మీద సీలింగ్ పైభాగంలో పెద్దక్షరాలతో రాయించండి: ఇది ఫైర్ గోడ, కన్నం పెడితే మూయాలి అని. తెలుగులోనే. ఖర్చు ఒక రంగు డబ్బా.

లంక_సైట్_కుర్రోడు

రాజోలు సార్, మా డక్టు మీరన్నట్టే భోజనాల హాలు మీదుగానే గీశారు. ఇవాళే మార్పించాను, వెనక గోడకి. సిలిండర్ల షెడ్డు మొదట్నుంచీ బయటే ఉంది.

ఇంకో రెండు అడగాలి. మా స్తంభాల కింద భాగం వరదకి తడుస్తుంది. 86 వరదలో మా చేను దగ్గర మనిషి లోతు నీళ్ళు, 2022 జూలైలో కూడా రోడ్డు మీదకి వచ్చాయి. స్థలం ఎత్తు చేశాం గానీ గ్యారంటీ లేదు. బోర్డు బాబాయ్ గారూ, స్తంభాల చుట్టూ బోర్డు పెట్టెలా కట్టేసే పద్ధతి ఉందటగా, అది చేయొచ్చా లేక కాంక్రీటేనా? రెండోది, పైన మండపంలో ఆరు స్తంభాలు బయటికి కనపడతాయి, ఆర్కిటెక్టు పెయింటే కావాలంటున్నాడు. మన తేమకి అది నిలుస్తుందా?

బోర్డు_బాబాయ్ (రాజమండ్రి)

పెట్టె కట్టొచ్చు, కాల్షియం సిలికేట్ బోర్డుతో అయితే తడికి జిప్సం కన్నా మెరుగు. పని శుభ్రంగా ఉంటుంది, వెల్డింగ్ లేదు, దుమ్ము లేదు.

కాకినాడ_స్ట్రక్చర్స్

ఇక్కడ బాబాయ్ గారితో ఒప్పుకోను. పైన అంతస్తుకి సరే. కింద వద్దు. బోర్డు నీళ్ళకి నిలిచినా, వరద ఒండ్రు పెట్టెలోకి దిగితే లోపల స్తంభం తుప్పు పడుతుంటే ఎవరికీ కనపడదు, మంట రాకముందే తుప్పు తినేస్తుంది. పైగా కింద భోజనాల హాలు, టేబుళ్ళూ కుర్చీల బండ్లూ రోజూ వచ్చి గుద్దుతాయి, ఏ బోర్డు మూలైనా ఆరు నెలలకి పగులుతుంది. కింద కాంక్రీటే.

బోర్డు_బాబాయ్ (రాజమండ్రి)

కుర్చీల బండ్ల మాటకి ఒప్పేసుకుంటున్నాను. కింద కాంక్రీటు వేయించు తమ్ముడూ. కింద డ్రైవాల్ గోడలకి మాత్రం జానెడు ఎత్తు కాంక్రీటు దిమ్మ వేసి దాని మీద ఛానల్ పెట్టించు, తుడిచే నీళ్ళైనా బోర్డుకి తగలవు. సరుకు కూడా వానల్లో దింపుతారు కదా, నేల మీద పేర్చనివ్వకు, చెక్కలు వేసి పైన టార్పాలిన్ కప్పించు.

కాకినాడ_స్ట్రక్చర్స్

పెయింట్ తేమకి నిలుస్తుందా అంటే లోపల, ఏసీ హాల్లో, సరిగ్గా వేస్తే నిలుస్తుంది. వేసేటప్పుడే మన వాతావరణంతో పేచీ. చాలా పెయింట్ల డేటా షీటులో గాలిలో తేమ 80–85 శాతం దాటితే కొట్టొద్దని ఉంటుంది, స్టీలు వేడి డ్యూ పాయింట్ (గాలిలో తేమ చెమ్మగా పట్టే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. మీ దగ్గర వానాకాలం తెల్లవారుఝామున స్టీల్ మీద చెయ్యి పెడితే తడి తెలుస్తుంది. పది దాటాక మొదలుపెట్టి సాయంత్రానికి ఆపేయండి, మొదటి కోటు ఆరకుండా రెండోది వేయనివ్వకండి. పెళ్ళి దగ్గరపడిందని తొందరపెడితే ముందు జరిగే తప్పు ఇదే, పైకి ఎండినట్టే ఉండి లోపల మెత్తగా ఉంటుంది.

ప్రైమర్ ఏదంటే అది కాదు, ఇంట్యుమెసెంట్ కంపెనీ ఒప్పుకున్న ప్రైమరే. ఫ్యాబ్రికేటర్ ఇప్పటికే రెడాక్సైడ్ కొట్టేసి ఉంటే దాని డబ్బా పేరు అడిగి వాళ్ళకి పంపండి, పడకపోతే గీకించాల్సిందే. చివర్లో టాప్ కోట్ తప్పనిసరి, తేమ నుంచి కాపాడేది అదే. ఆర్కిటెక్టు అడిగిన రంగు అందులో వేసుకోవచ్చు. కానీ దాన్ని కూడా వాళ్ళు చెప్పిన మందమే వేయాలి, తర్వాత ప్రతి దసరాకీ ఆయిల్ పెయింట్ పొరలు వేసుకుంటూ పోతే కింద పెయింటు పొంగడానికి అడ్డు. పెయింటు అయ్యాక ఆ స్తంభాలకి డెకరేషన్ వాళ్ళు హుక్కులు వెల్డింగ్ చేయకుండా చూడండి. హుక్కులు కావాలంటే ఇప్పుడే, పెయింటుకి ముందే వేయించేయండి.

పెదనాన్న గారికి చెప్పడానికి ఒక మాట: ఏపీలో ఫంక్షన్ హాల్ లాంటి జనం చేరే భవనానికి స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా ఫైర్ ఎన్‌ఓసీ ఉండాల్సిందే, మీది రెండు రకాలుగానూ దాటుతుంది. ఊళ్ళో ఎవరికి ఉందో లేదో మనకి అనవసరం.

లంక_సైట్_కుర్రోడు

పెదనాన్నకి ఇవన్నీ చదివి వినిపించాను అండి. పీవీసీ పొగ దగ్గర ఆగి, "మన పిల్ల పెళ్ళి కూడా ఇందులోనే చేస్తాం కదరా" అన్నారు. కింద స్తంభాలకి కాంక్రీటు, దూలాలకి వర్మిక్యులైట్, పైన ఆరింటికి పెయింటు అని తేలింది. ఎర్ర పెన్సిల్ గీసిన గోడలకి రెండు పొరలు, వంటశాల ఏఏసీ. కాంట్రాక్టరు రేటు మళ్ళీ ఇస్తానన్నాడు, చూడాలి ఏం ఇస్తాడో.

పెయింటు మందం కొలిచే గేజ్ ఎక్కడైనా అద్దెకి దొరుకుతుందా?

కాకినాడ_స్ట్రక్చర్స్

పెయింటు వేసేవాడినే తెమ్మనండి, వాడి దగ్గర లేకపోతే వాడికి పని ఇవ్వొద్దు. తెచ్చాక ముందు పెయింటు లేని స్టీలు ముక్క మీద సున్నా చూపిస్తోందో లేదో, తర్వాత దాంతో వచ్చే ప్లాస్టిక్ రేకు పెట్టి దాని మీద రాసిన మైక్రాన్లే వస్తున్నాయో లేదో చూడండి. ప్రైమర్ మందం ముందే కొలిచి రాసుకోండి, చివరి అంకెలోంచి అది తీసెయ్యాలి. ఫ్లాంజి (I లో అడ్డ పట్టీ) అంచులూ, ఫ్లాంజికీ వెబ్‌కీ (నిలువు పట్టీ) మధ్య మూలలూ తప్పకుండా కొలవండి, బ్రష్షు అక్కడే సరిగ్గా ఆడదు.